సోమవారం కొత్త మేనేజర్ వస్తున్నారు, ఇంగ్లీషులో ఎలా పరిచయం చేసుకోవాలి?

పరవాడ_లక్ష్మి | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విశాఖపట్నం దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే యంత్రం) మీద పని చేస్తున్నాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మీడియం. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ మా మేనేజర్ రాజమహేంద్రవరం ఆయన కాబట్టి పనంతా తెలుగులోనే సాగిపోయింది. ఆయన పోయిన నెల మానేశారు. సోమవారం గుజరాత్ నుంచి కొత్తాయన వస్తున్నారు. ఆయనకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. ల్యాబ్‌లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారట.

నాకు పని వచ్చు. ఆ మాట ధైర్యంగా చెప్పగలను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రిపోర్టులు రాస్తాను. నోరు తెరిచి మాట్లాడాల్సి వస్తేనే గొంతు పట్టేస్తుంది. అవతలివాళ్లు గబగబా మాట్లాడితే సగం అర్థం కాదు. అర్థం కాకపోయినా ‘ఎస్ సర్’ అని తల ఊపేస్తాను.

నెట్‌లో ఒక పరిచయ సంభాషణ దొరికితే రెండు రోజులుగా బట్టీ పడుతున్నాను. “మైసెల్ఫ్ లక్ష్మి, ఐ యామ్ హావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్, ఐ యామ్ హార్డ్‌వర్కింగ్ పర్సన్...” ఇలా పది వాక్యాలు. అద్దం ముందు తడబడకుండా వస్తోంది. మా అక్క ఎదురుగా కూర్చుంటే మూడో వాక్యం దగ్గర ఆగిపోతున్నాను. ఆయన మధ్యలో ఏదైనా అడిగితే నా పరిస్థితి ఏమిటి? ఏం మాట్లాడాలో, ఎంత మాట్లాడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_తెలుగు | శుక్రవారం, రాత్రి 9:40

బట్టీ పట్టడంలో తప్పేమీ లేదండి. నేను అమెరికా వచ్చిన కొత్తలో అలాగే చేశాను. మొదటి రెండు నిమిషాలు గట్టెక్కితే తర్వాత ధైర్యం అదే వస్తుంది. ‘సర్’ అనే మాట మానేసి పేరు పెట్టి పిలవండి, ఇప్పుడు అన్ని చోట్లా అదే పద్ధతి. ఇంకొకటి, ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అనకండి. నేను అంటే మా మేనేజర్ కంగారుగా చూశాడు. ఇక్కడ దానికి అర్థం స్పృహ తప్పి పడిపోయానని. ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి.

దోహాలో_జగిత్యాల | శుక్రవారం, రాత్రి 10:05

డల్లాస్ అన్నా, మన దేశంలో ఫ్యాక్టరీ వేరు, మీ ఆఫీసు వేరు. అక్కడ మిగతావాళ్లంతా ‘సర్’ అంటుంటే ఈ అమ్మాయి ఒక్కతే పేరు పెట్టి పిలిస్తే ఇబ్బంది పడేది తనే. చెల్లెమ్మా, అందరూ ఎలా పిలుస్తారో అలాగే పిలువు. ఆయనే పేరు పెట్టి పిలవమంటే అప్పుడు చూద్దువు.

నేను పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాను. భవన నిర్మాణం పని. ఇప్పటికి తొమ్మిది మంది సూపర్‌వైజర్లు మారారు. ఫిలిప్పీన్స్, ఈజిప్టు, కేరళ, నేపాల్, ఒక్కొక్కరి ఇంగ్లీషు ఒక్కో తీరు. నాకు అర్థమైంది ఇది: ఎవరూ మన వ్యాకరణం చూడరు, చెప్పింది మన బుర్రకెక్కిందా లేదా అని చూస్తారు.

ఒక సంగతి చెబుతాను. ఇక్కడ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు అందరినీ నిలబెట్టి ఆ రోజు ప్రమాదాల గురించి చెబుతారు, టూల్‌బాక్స్ టాక్ అంటారు. కొత్తగా వచ్చిన ఫిలిప్పీన్స్ ఆయన నన్ను చూపిస్తూ ఏదో అడిగాడు. నేను మన అలవాటు ప్రకారం తల పక్కకు వంచి ఊపాను. మనకు అది ‘సరే’. ఆయనకు అది ‘కాదు’. మళ్లీ అడిగాడు, మళ్లీ అలాగే ఊపాను. ఎదురు చెబుతున్నాననుకుని ఆ రోజు నన్ను పైకి ఎక్కనివ్వలేదు. తల ఊపడం ఆపి నోటితో ‘ఎస్’, ‘నో’ చెప్పడం అప్పుడు నేర్చుకున్నాను. నువ్వు రాసినదాంట్లో నాకు భయం వేసింది ఆ తల ఊపడం గురించే, నీ ఇంగ్లీషు గురించి కాదు.

విశ్రాంత_మాస్టారు | శనివారం, ఉదయం 6:20

అమ్మా లక్ష్మీ, ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ని. నా శిష్యురాలి వయసు నీది, అందుకే చనువుగా రాస్తున్నాను.

నీ పేరాలో తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే మళ్లీ చేయవు. మనం తెలుగు వాక్యం మీద ఇంగ్లీషు మాటలు పరుస్తాం. ‘నేను లక్ష్మిని’ అనడానికి మనకు క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషు వాక్యం క్రియ లేకుండా నిలబడదు, కాబట్టి ‘ఐ యామ్ లక్ష్మి’. ‘అనుభవం ఉంది’లోని ‘ఉంది’ని మనం ‘హావింగ్’ చేస్తాం, ‘ఐ హావ్’ చాలు. ‘మూడేళ్ల నుంచి’ అనే మాటలోని ‘నుంచి’ వల్ల ‘ఫ్రమ్ త్రీ ఇయర్స్’ అంటాం. “ఐ హావ్ బీన్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్” అనాలి. కష్టపడి పనిచేస్తానన్న వాక్యం తీసెయ్యి. అందరూ చెప్పే మాటే అది, నీ గురించి ఆయనకు ఏమీ తెలియజేయదు.

పది వాక్యాలు నాలుగు చెయ్యి. పేరు, నీ చేతిలో ఉన్న పని, ఎంత కాలంగా చేస్తున్నావు, ఇప్పుడు ఏం జరుగుతోంది. “గుడ్ మార్నింగ్ సర్. ఐ యామ్ లక్ష్మి. ఐ వర్క్ ఆన్ హెచ్‌పీఎల్‌సీ. ఐ హావ్ బీన్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.” ఆయన ‘నైస్ టు మీట్ యూ’ అంటే ‘నైస్ టు మీట్ యూ టూ, సర్’ అను. ఆ మాట మొదటిసారి కలిసినప్పుడే వాడతారు, మర్నాటి నుంచి ‘గుడ్ మార్నింగ్’ సరిపోతుంది. నాలుగో సంగతి బట్టీ పట్టకు. ఆ నిమిషంలో నీ కళ్ల ముందు ఏ పని ఉంటే అది చెప్పు. రోజంతా నీ నోట్లో నలిగే కాలమ్, బఫర్, స్టాండర్డ్, ఫిల్టర్ ఇంగ్లీషు మాటలే కదా? వాటి చుట్టూ రెండు క్రియలు చేరిస్తే వాక్యమవుతుంది.

పరవాడ_లక్ష్మి | శనివారం, ఉదయం 7:45

మాస్టారూ, మా అక్క ముందు చెప్పి చూశాను. నాలుగూ వచ్చాయి! దోహా అన్నయ్యా, తల ఊపడం గురించి రాత్రంతా ఆలోచించాను.

చిన్న సందేహం. కంపెనీ రికార్డుల్లో, మెయిల్‌లో నా ఇంటిపేరు ముందుంది. బయటి రాష్ట్రాల వాళ్లు అదే నా పేరనుకుని పిలుస్తారు. అసలు పేరు కూడా పొడవే. ఇది మొదటి రోజే చెప్పవచ్చా, బాగుండదా?

లీడ్స్_నర్సమ్మ | శనివారం, మధ్యాహ్నం 1:30

తప్పకుండా చెప్పు లక్ష్మీ. పేరు సరిదిద్దడం అమర్యాద కాదు. నవ్వు ముఖంతో “ప్లీజ్ కాల్ మీ లక్ష్మి, సర్” అంటే చాలు. మొదటి రోజు ఊరుకుంటే ఏడాదంతా ఇంటిపేరుతోనే పిలుస్తారు, తర్వాత చెప్పడం ఇంకా కష్టం.

నేను ఇంగ్లండ్‌లో నర్సును. పేరు చెప్పుకోవడం ఎంత పెద్ద విషయమో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. కేట్ గ్రేంజర్ అని ఇక్కడి యార్క్‌షైర్ ప్రాంతపు వైద్యురాలు. వృద్ధుల వైద్యంలో నిపుణురాలు. ఆమెకే క్యాన్సర్ వచ్చి 2013లో ఆస్పత్రిలో పడుకోవలసి వచ్చింది. తన మంచం దగ్గరకు వచ్చే సిబ్బందిలో చాలామంది కనీసం తమ పేరు చెప్పడం లేదని గమనించారు. ‘హలో, మై నేమ్ ఈజ్’ అనే ఆ నాలుగు మాటలతోనే ప్రచారం మొదలుపెట్టారు. 2016లో ఆమె చనిపోయారు. ఆ నాలుగు మాటలూ ఇవాళ్టికీ ఇక్కడి సిబ్బంది బ్యాడ్జీల మీద కనిపిస్తాయి. పెద్ద డాక్టర్ల నుంచి ఊడ్చే వారి దాకా అందరూ అలాగే మొదలుపెట్టాలని ఆమె కోరిక. నీ భయం ఆ నాలుగు మాటల గురించే అయితే, అవి నీకు ఇప్పటికే వచ్చు.

కానీ నాకు దెబ్బ తగిలింది పరిచయం దగ్గర కాదు. మా వార్డు మేనేజర్ పొద్దున్నే ఎదురై “యూ ఆల్‌రైట్?” అన్నారు. నా ముఖం అంత వాడిపోయిందా అనుకుని, నిద్ర సరిగ్గా పట్టలేదని కథంతా చెప్పాను. ఇక్కడ అది పలకరింపు. ‘ఆల్‌రైట్, థాంక్స్’ అని నడిచిపోతారు. ఇలాంటివి పుస్తకంలో ఉండవు, తెలియకపోతే అడగడమే.

నీది మందుల ల్యాబ్ కాబట్టి ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. అంకెలు విన్నప్పుడు తిరిగి చెప్పు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ, ఈ రెండూ గదిలో శబ్దం ఉంటే ఒకేలా వినిపిస్తాయి. మందు మోతాదు చెప్పేటప్పుడు మేం “వన్ ఫైవ్” అని విడివిడిగా పలుకుతాం. పదిహేను, యాభై మధ్య ఉన్న తేడా ఒక మనిషి ప్రాణం. “సర్, వన్ ఫైవ్, కరెక్ట్?” అని అడిగినందుకు ఎవరూ కోప్పడరు. అర్థం కానప్పుడు అనాల్సిన వాక్యం కూడా రాస్తున్నాను, బట్టీ పట్టాలనుకుంటే దీన్ని పట్టు: “సారీ సర్, ఐ డిడ్ నాట్ ఫాలో. కుడ్ యూ సే దట్ అగెయిన్, ఎ లిటిల్ స్లోలీ?”

అమ్మభాష | శనివారం, సాయంత్రం 4:10

అన్నీ బాగున్నాయి గానీ, మన రాష్ట్రానికి వచ్చి మనవాళ్ల మీద అధికారిగా కూర్చునే ఆయన తెలుగు నేర్చుకోవాలని ఒక్కరూ అనరేం? ఆ అమ్మాయికి పని వచ్చు. ఇంగ్లీషు రాదని రాత్రిళ్లు నిద్ర మానుకోవలసిన అవసరం ఏమిటి? నాకు చాలా బాధగా ఉంది.

ప్లాంటు_మనిషి | శనివారం, రాత్రి 8:50

మీ బాధలో న్యాయముంది. నేను ఇదే కథలో అవతలి వైపు ఉన్నవాణ్ని, అందుకే రాస్తున్నాను. 2009లో హైదరాబాద్ నుంచి గుజరాత్‌లోని అంక్లేశ్వర్‌కు ల్యాబ్ అధికారిగా వెళ్లాను. గుజరాతీ ఒక్క ముక్క రాదు. మొదటి రోజు పొద్దున గదిలో కూర్చుని ‘కెమ్ ఛో’ (ఎలా ఉన్నారు) అనే రెండు మాటలు పదిసార్లు పలికి చూసుకున్నాను. లక్ష్మి గారూ, సోమవారం వచ్చే ఆయన కూడా కొత్త ఊళ్లో, ఎవరూ తెలియని చోట, అదే గుబులుతో ఉంటారు. రెండు తెలుగు మాటలు నేర్పించండి, సంతోషిస్తారు.

ఆ రోజు నాకు ముప్పై మందిని పరిచయం చేశారు. అందరూ చక్కటి వాక్యాలు చెప్పారు. పని ఎలా ఉందంటే ‘నో ప్రాబ్లమ్ సర్’ అన్నారు. సాయంత్రానికి ఒక్కరి ముఖమూ గుర్తులేదు, ఒక్క కుర్రాడిది తప్ప. అతను నన్ను డిసొల్యూషన్ యంత్రం (మాత్ర ఎంత త్వరగా కరుగుతుందో చూసేది) దగ్గరకు తీసుకెళ్లి, థర్మామీటర్ చూపించి, “సర్, బాత్ టూ, టెంపరేచర్ నాట్ స్టేబుల్. ఐ టోల్డ్. నోబడీ కమ్” అన్నాడు. నీళ్లు 37 డిగ్రీల దగ్గర నిలవాలి, అటూ ఇటూ అర డిగ్రీకి మించి కదలకూడదు. అది అంతకు మించి కదులుతోంది. ఆ మూడు వాక్యాల్లో వ్యాకరణం ఎంత ఉందో మాస్టారు గారు చెప్పగలరు. నాకు మాత్రం ఆ రోజు విన్నవాటిలో అన్నిటికంటే స్పష్టమైన ఇంగ్లీషు అది.

పాత మేనేజర్ గురించి గానీ, తోటివాళ్ల గురించి గానీ మొదటి రోజు ఫిర్యాదులు చేయకండి. మీ చేతిలో ఉన్న పని, ఆగిపోయిన పని, చెడిపోయిన యంత్రం ఉంటే అది చెప్పండి. చివర్లో ఒక ప్రశ్న అడగండి: “సర్, హౌ షుడ్ ఐ రిపోర్ట్ టు యూ, బై మెయిల్ ఆర్ ఇన్ పర్సన్?” కొత్తగా వచ్చిన అధికారికి ఆ ప్రశ్న ఎంత ఊరటో నాకు తెలుసు.

విశ్రాంత_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:05

నర్సమ్మ గారు అంకెల గురించి చెప్పింది చదివాక, ముఖ్యమైనది ఒకటి నేను మరిచిపోయానని గుర్తొచ్చింది. లక్ష్మీ, ఇది నిదానంగా చదువు.

మనల్ని ఎవరైనా “తూకం యంత్రం సరిచూడలేదా?” అని అడిగితే, చూడకపోతే ఏమంటాం? “అవునండీ, ఇంకా చూడలేదు” అంటాం. అడిగిన మాటతో ఏకీభవిస్తే మనకు ‘అవును’. ఇంగ్లీషులో అలా కాదు. ప్రశ్న ఎలా తిప్పి అడిగినా, పని జరిగితే ‘ఎస్’, జరగకపోతే ‘నో’. “హావెంట్ యూ చెక్డ్ ద బ్యాలెన్స్?” అంటే నువ్వు తెలుగులో ఆలోచించి ‘ఎస్ సర్’ అంటావు. ఆయన చూశావని అనుకుని వెళ్లిపోతారు. నువ్వు అబద్ధం చెప్పలేదు, ఆయన తప్పుగా వినలేదు, కానీ చూడని యంత్రం మీద తూకం జరిగిపోతుంది.

ఉపాయం సులువు. ఒట్టి ‘ఎస్’, ఒట్టి ‘నో’ దగ్గర ఆగకు. “నో సర్, నాట్ యెట్.” “ఎస్ సర్, ఐ చెక్డ్ ఇట్.” వెనక ఆ చిన్న ముక్క ఉంటే ముందు మాట తప్పినా అర్థం నిలుస్తుంది. ‘వుడ్ యూ మైండ్’ అని మొదలయ్యే ప్రశ్న కూడా ఇలాంటిదే. “వుడ్ యూ మైండ్ స్టేయింగ్ టిల్ సిక్స్?” అంటే ఆరింటి దాకా ఉండటం నీకు అభ్యంతరమా అని. ఉండగలిగితే “నాట్ ఎట్ ఆల్, సర్” అనాలి. ‘ఎస్’ అంటే అభ్యంతరమన్నట్టు.

మీ అక్కను ఈ రోజు ఇలాంటి ప్రశ్నలే ఇరవై అడగమను. తినలేదా, స్నానం చేయలేదా, తలుపు వేయలేదా, ఏదైనా సరే. ఇంగ్లీషులో జవాబు చెప్పు.

కొత్త_చేరిక | ఆదివారం, ఉదయం 11:15

మాస్టారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో చేరి నెలైంది. టీమ్ లీడర్ “డిడంట్ యూ గెట్ ద లాగిన్?” అంటే ‘ఎస్’ అన్నాను. మూడు రోజులు లాగిన్ లేకుండా కూర్చున్నాను, నాకు ఇచ్చేశారని ఆమె అనుకున్నారు. తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలిసింది.

పరవాడ_లక్ష్మి | ఆదివారం, రాత్రి 9:30

అక్క ఇరవై కాదు, యాభై అడిగింది. మొదట్లో సగం తప్పాను. చివరి పదింటికి ఒక్కటే తప్పింది. మా అమ్మ వంటింట్లోంచి “అన్నం తినలేదా?” అని తెలుగులో అడిగితే కూడా “నో, నాట్ యెట్” అన్నాను! రేపు సాయంత్రం వచ్చి రాస్తాను.

దోహాలో_జగిత్యాల | సోమవారం, ఉదయం 8:02

ఈపాటికి షిఫ్టులో ఉంటావు చెల్లెమ్మా. తల నిలకడగా పెట్టి మాట్లాడు. నీకు పని వచ్చు.

పరవాడ_లక్ష్మి | సోమవారం, రాత్రి 8:40

వచ్చాను. మొదటి నుంచి చెబుతాను.

పదిన్నరకు ల్యాబ్‌లోకి వచ్చారు. వయసు యాభై ఉంటుంది. నేను స్టాండర్డ్ ఇంజెక్షన్లు (పోల్చి చూసుకోవడానికి తెలిసిన ద్రావణాన్ని యంత్రంలోకి పంపడం) పెట్టి తెర వైపు చూస్తున్నాను. వెనక నుంచి నా ఇంటిపేరుతో పిలిచారు. లేచి నిలబడి, “గుడ్ మార్నింగ్ సర్, ప్లీజ్ కాల్ మీ లక్ష్మి” అన్నాను. ఆయన వెంటనే ‘లక్ష్మి’ అని రెండుసార్లు పలికి, తన పేరు చెప్పారు. మాస్టారు చెప్పిన వాక్యాలు వచ్చాయి. నాలుగోదానికి తెర చూపించి, “ఐ యామ్ రన్నింగ్ ద స్టాండర్డ్ నౌ. ఫోర్ ఇంజెక్షన్స్ ఓవర్, టూ మోర్” అన్నాను. అది సరైన వాక్యమో కాదో తెలియదు మాస్టారూ, ఆయన మాత్రం తెర మీదకు వంగి పీకులు (గ్రాఫులో పైకి లేచే గీతలు) చూశారు.

తర్వాత స్టెబిలిటీ గది దగ్గరకు వెళ్లాం. మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూడటానికి శాంపుల్స్ అక్కడ దాచి, గడువు ప్రకారం బయటికి తీసి పరీక్షిస్తాం. అక్కడ గబగబా ఏదో అడిగారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. తల కదలబోయింది, పట్టి ఆపాను. నర్సమ్మక్క వాక్యం చెప్పాను, గొంతు కాస్త వణికింది. ఆయన “సారీ, సారీ, ఐ స్పీక్ ఫాస్ట్” అని జేబులోంచి కలం తీసి రాయడానికి కాగితం కోసం చూశారు, అంతలోనే ఆగిపోయారు. మా ల్యాబ్‌లో విడి కాగితాల మీద ఏమీ రాయకూడదు, ఆయనకూ తెలిసిన నియమమే. ఇద్దరం నవ్వాం. కలం జేబులో పెట్టేసి, 40 డిగ్రీలు, 75 శాతం తేమ అని రాసి ఉన్న తలుపు మీద వేలు పెట్టి, ఒక్కో మాటా విడదీసి అడిగారు: “సిక్స్ మంత్ శాంపుల్స్ ఆర్ నాట్ పుల్డ్ అవుట్?”

మాస్టారూ, అచ్చం మీరు చెప్పిన ప్రశ్నే. ‘ఎస్’ నాలుక చివరి దాకా వచ్చింది. “నో సర్, నాట్ యెట్. డ్యూ డేట్ ఈజ్ థర్స్‌డే” అన్నాను. “డేట్?” అన్నారు. “వన్ ఎయిట్. ఎయిటీన్” అన్నాను. ఆయన కూడా తిరిగి “వన్ ఎయిట్” అన్నారు.

ఎలా రిపోర్టు చేయాలని అడిగితే, రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఐదు నిమిషాలు వచ్చి నోటితో చెప్పమన్నారు. మెయిల్ అంటారనుకున్నాను! రోజూ ఇంగ్లీషులో మాట్లాడాలి. భయమూ ఉంది, అయినా బాగుంది.

అమ్మభాష గారూ, వెళ్లేటప్పుడు ‘స్లోలీ’ని తెలుగులో ఏమంటారని అడిగారు. ‘నెమ్మదిగా’ అని చెప్పాను. ‘నెమ్ది’ అన్నారు. సరిచేశాను. తను వేగంగా మాట్లాడితే ఆ మాటే అనమన్నారు.

అమ్మభాష | సోమవారం, రాత్రి 9:05

చాలా సంతోషం అమ్మా. వారానికి ఐదు మాటలు నేర్పించు.

విశ్రాంత_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:10

‘ఫోర్ ఇంజెక్షన్స్ ఆర్ డన్, టూ ఆర్ లెఫ్ట్’ అంటే ఇంకా బాగుంటుంది. నువ్వన్నదీ ఆయనకు అర్థమైంది కదా, చాలు. రోజూ నాలుగున్నరకు ఏం చెప్పావో వీలున్నప్పుడు ఇక్కడ రాస్తూ ఉండు, నేను చూస్తాను.